సిరప్ వెతికి తెచ్చిన తమ్ముడికి

నిన్న సాయంత్రం బాబును ఇంటికి తెచ్చుకున్నాం. ఆక్సిజన్ గొట్టం లేకుండా హాయిగా పడుకున్నాడు. నాకే నిద్ర పట్టడం లేదు, మానిటర్ కూతలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏమైందని అందరూ అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారే చెప్పేస్తాను. వీడు ఏడో నెలలోనే పుట్టాడు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు మంచి రక్తం తెచ్చే సిరలు మామూలుగా నాలుగుంటాయి. మావాడికి ఎడమవైపు రెండూ సన్నబడిపోయాయి. పల్మనరీ వెయిన్ స్టెనోసిస్ అంటారు. రక్తం ముందుకు కదలక వెనక్కి నిలిచిపోతుంది. బిడ్డ ఆయాసపడతాడు, పాలు సగంలో వదిలేస్తాడు, బరువు పెరగడు. చూడ్డానికి నిమ్ములాగే ఉంటుంది. ఖమ్మంలో నెబులైజర్ పెట్టించుకుంటూ నెలలు గడిపేశాం.

హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీశాక కార్డియాలజిస్ట్ మేడమ్ ఏదీ దాచలేదు. ఎన్ని సిరలు పాడయ్యాయి, ఒకవైపేనా రెండువైపులానా, ఎంత చిన్న వయసులో బయటపడింది, గుండె కుడివైపు ప్రెషర్ ఎంత ఉంది, వీటిని బట్టే ఫలితం అన్నారు. ఆరు నెలల లోపే మొదలై మూడు నాలుగు సిరలకు పాకితే చాలా కష్టమట. నెలలు నిండకుండా పుట్టి, ఊపిరితిత్తులు దెబ్బతిన్న పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువట. బెలూన్‌తో వెడల్పు చేసినా మళ్లీ బిగుసుకుపోవచ్చని ముందే చెప్పారు, అలాగే అయింది. రెండోసారి స్టెంట్ వేశారు, అంటే దారి మూసుకుపోకుండా లోపల పట్టి ఉంచే సన్నని జాలీ గొట్టం. పెద్దవాళ్ల గుండె రక్తనాళాలకు వేసే మందుపూత స్టెంటే అది. బిడ్డతో పాటు పెరగదు కదా, మళ్లీ క్యాథ్ ల్యాబ్ (రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఇవన్నీ చేసే గది) మెట్లెక్కాల్సిందే. ఏడు మిల్లీమీటర్లదో అంతకన్నా పెద్దదో స్టెంట్ పట్టే వయసొస్తే ఎక్కువ కాలం నిలుస్తుందట.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. డిశ్చార్జి రోజు సిరోలిమస్ అనే మందు రాశారు. సిర గోడలో కణాలు పెరిగి దారి మూసేయకుండా ఆపడానికట. చంటిపిల్లాడు కాబట్టి ద్రవరూపంలోనే కావాలి. ఆసుపత్రి ఫార్మసీలో స్టాక్ లేదు. బయట ఏ షాపులో అడిగినా మాత్రలే. చివరికి ఒక చిన్న మెడికల్ షాపులో ఒక కుర్రాడు చీటీ చూసి, "ఇది కిడ్నీ మార్చినోళ్లకు ఇచ్చే మందు కదక్కా, చిన్నబాబుకెందుకు?" అన్నాడు. చెప్పేసరికి నా గొంతు పూడుకుపోయింది. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. వాళ్ల సొంతక్కకు కిడ్నీ మార్చారట. "నాలుగేళ్లుగా ఇదే మింగుతోంది, బంగారంలా ఉంది, భయపడకండి" అన్నాడు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. షాపు కట్టేశాక తనే బండి మీద ఊరు దాటి వెళ్లి తెచ్చాడు.

ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందని తన టిఫిన్ క్యారియర్ సంచిలో ఐసు ముక్కల కవరు పెట్టి, మధ్యలో సీసా పెట్టుకొచ్చాడు. అంతటితో వదల్లేదు. డాక్టర్ రాసిన కొలత నాతో రెండుసార్లు చదివించి, సిరంజి మీద ఆ గీత దగ్గర తెల్ల ప్లాస్టర్ సన్నగా కత్తిరించి అంటించాడు, "అమ్మమ్మ పట్టినా పొరపాటు రాదక్కా" అని. అక్కడ ఏడ్చాను. ఆపరేషన్ థియేటర్ బయట కూడా అంత ఏడవలేదు. సీసా మీదున్న ధర తప్ప పెట్రోల్ డబ్బులు కూడా తీసుకోలేదు. పేరు రాయొద్దన్నాడు, రాయను. తమ్ముడూ, ఈ జన్మలో నీ రుణం తీరదు.

మా అమ్మ, అత్తమ్మ, మా ఆయన, అన్నయ్యా వదినా ఉన్నారు, వాళ్లకు విడిగా ఏం చెప్తాను!

ఒక్క మాట అనకుండా ఉండలేను. మా బీమా కంపెనీవాళ్లు రెండోసారి ప్రొసీజర్‌కు "మొన్ననే చేశారు కదా, మళ్లీ ఎందుకు?" అని ఫైలు ఆపారు. మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు అని మేడమ్ లెటర్ రాసిచ్చినా ఇంకో కాగితం, ఇంకో కాగితం. బిడ్డ లోపల ఎగశ్వాస పీలుస్తుంటే మా ఆయన జిరాక్స్ షాపు దగ్గర నిలబడ్డాడు. ఇంకోటి, పుట్టినచోట ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో కంటి పరీక్ష తేదీ ఉంది, చెవి పరీక్ష తేదీ ఉంది, ఎకో, అదే గుండె స్కాన్, మళ్లీ తీయించమని మాత్రం లేదు. మొదటి ఎకో బాగానే వచ్చినా తర్వాత ఈ జబ్బు రావచ్చట. నెలలు నిండని బిడ్డకు ఆయాసం తగ్గకపోతే మీరైనా అడిగి తీయించండి.

పీఐసీయూ (పిల్లల ఐసీయూ) సిస్టర్లకు, ముఖ్యంగా రాత్రి డ్యూటీవాళ్లకు దండాలు. అయ్యో, బాబు ఏడవకుండా పాట పాడుతూ ఎకో తీసిన టెక్నీషియన్ గారిని మర్చిపోయా. మా పాపకు రోజూ జడవేసి స్కూలుకు పంపిన పైవాటా ఆంటీ కూడా. రక్తం ఇచ్చిన ఇద్దరు బీటెక్ పిల్లలూ, మీ నంబర్లు రాసుకున్న చీటీ ఎక్కడో పోయింది, ఇది చూస్తే ఒక్క ఫోన్ చేయండి బాబూ. వచ్చే వారం ఒంట్లో మందు ఎంత ఉందో లెవెల్ చూడ్డానికి రక్తపరీక్షకు హైదరాబాద్ వస్తున్నాం, అప్పుడు కలుద్దాం.