10జీ ఫైబర్ అని అమ్మారు, ఇచ్చింది పాత లైనే

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి పార్టీలకు పంపడం నా పని. నాలుగు నెలల క్రితం మీ వాళ్లు వచ్చి, ఇది కొత్త తరం 10జీ ఫైబర్ సార్, డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడ్ కూడా అంతే అని చెప్పి, 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. పగలు బాగానే ఉంటుంది. సాయంత్రం ఏడు దాటిందంటే అప్‌లోడ్ 20కి పడిపోతుంది. 40 జీబీ వీడియో 300లో 18 నిమిషాల్లో వెళ్లాలి, 20లో నాలుగున్నర గంటలు పడుతుంది. మొన్న చిత్తూరు పార్టీ రిసెప్షన్‌లో వేయడానికి అడిగితే, ఎంతకీ ఎక్కక, పెన్‌డ్రైవ్ పట్టుకుని బస్సెక్కి వెళ్లి ఇచ్చొచ్చాను.

మీరు పెట్టిన బాక్సు తిప్పి చూశాను, జీపాన్ అనే రాసుంది, అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే పాత తరం పద్ధతి. జీపాన్‌లో ఒక పోర్టుకి పైకి వెళ్లేది 1.25 జీబీపీఎస్ మాత్రమే, దాన్ని స్ప్లిట్టర్‌తో 64 ఇళ్లకు పంచితే, అందరూ ఒకేసారి వాడినప్పుడు ఇంటికి 20 కూడా రాదు. మీరు చెప్పిన 10జీ అంటే దాని తర్వాతి తరం ఎక్స్‌జీఎస్-పాన్. రెండు వైపులా 10 జీబీపీఎస్, అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 2016లోనే ప్రమాణం ఇచ్చింది. దానికి రోడ్డు తవ్వే పని కూడా లేదు, వేరే తరంగదైర్ఘ్యాల మీద నడుస్తుంది కాబట్టి ఉన్న ఫైబర్‌లోనే జీపాన్ పక్కన పోతుంది. మీ వైపు ఫైబర్ మొదలయ్యే మెషీన్, అదే ఓఎల్‌టీలో కార్డు, మా ఇంట్లో బాక్సు మార్చాలి, అంతే. అది చేయకుండానే ఆ పేరు చెప్పి ఎలా అమ్మారు?

ఇంకోటి, వాన పడితే చాలు బాక్సులో ఎర్ర లైటు. మొన్న మీ లైన్‌మ్యాన్ పవర్ మీటర్ పెడితే సిగ్నల్ మైనస్ 29 డీబీఎం చూపించింది, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. ఈ బాక్సులకు మైనస్ 27 వరకే గ్యారంటీ. ఆ అబ్బాయే స్తంభం దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు, జాయింటుకి నల్ల టేపు చుట్టి, పైన పాల ప్యాకెట్ కవరు కట్టి ఉంది. ఫైబర్ కొసల్ని కరిగించి అతికించే స్ప్లైసింగ్ మెషీన్ తనకి ఇవ్వలేదట. దయచేసి అతన్ని ఏమీ అనకండి, నిజం చెప్పింది అతనొక్కడే. నేను మూడుసార్లు కంప్లైంట్ పెడితే మూడుసార్లూ 'పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది, ఒక్కరూ ఫోన్ చేసి అడగలేదు.

ఆ జాయింటు సరిగా స్ప్లైస్ చేయించండి. మా వీధికి ఎక్స్‌జీఎస్-పాన్ ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి, ఇవ్వలేకపోతే మిగిలిన రెండు నెలల డబ్బు వెనక్కివ్వండి. ఈ నెల 20లోపు జవాబు కావాలి. 21న ఇంకో పెళ్లి ఉంది, ఆ వీడియో ఆ రాత్రే పంపాలి.

ఇట్లు,
మీ కస్టమర్, కొర్లగుంట, తిరుపతి