సీలింగ్ మీద భయం సరే, మేడ మీద రేకుల సంగతేంటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో పిల్లలున్న మా విజయవాడ ఇళ్ళల్లో ఈమధ్య కొత్త టెన్షన్ ఒకటి మొదలైంది. అక్కడ పాత ఇల్లు కొనబోతున్న అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి, "నాన్నా, సీలింగ్‌లో ఆస్బెస్టాస్ ఉందేమోనని టెస్టు చేయిస్తున్నాం, మనింట్లో కూడా ఒకసారి ఎవరికైనా చూపించండి" అంటారు. ఇక్కడ పెద్దాయన పెయింటర్‌ని పిలిపించి, హాల్లో గరుకు డిజైన్ వేసిన గోడ చూపించి, "ఇందులో అదేమైనా కలిపారా?" అని అడుగుతాడు. పెయింటర్ మాత్రం ఏం చెబుతాడు! సరిగ్గా వాళ్ళ నెత్తి మీదే, మేడ పైన, ఎప్పటివో సిమెంటు రేకులతో వేసిన షెడ్డు ఉంటుంది. ఆస్బెస్టాస్ ఉండేది ఆ రేకుల్లో. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు.

అమెరికా వాళ్ళ భయానికి కారణం ఉంది. అక్కడ ఒకప్పుడు సీలింగ్‌కి మరమరాలు అతికించినట్టు కనిపించే పూత కొట్టేవారు. అందులో పీలిస్తే క్యాన్సర్ తెచ్చే రాతినార, అంటే ఆస్బెస్టాస్, కలిపేవారు. అలంకారానికి కొట్టే ఆ పూతను 1978లో నిషేధించారు. నిల్వ ఉన్న సరుకు మాత్రం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వాడారు. అందుకే ఎనభైల నాటి ఇళ్ళను కూడా అనుమానంగా చూస్తారు. అయినా అక్కడి ప్రభుత్వ సంస్థలు చెప్పేది ఒకటే: పూత గట్టిగా ఉండి, దాని జోలికి వెళ్ళకపోతే ప్రమాదం తక్కువ. గీకాలన్నా, రుద్దాలన్నా, పగలగొట్టాలన్నా ముందు పరీక్ష చేయించాలి.

మన ఇళ్ళల్లో వేసే పీఓపీ సీలింగ్ జిప్సం పొడి. జిప్సం బోర్డు కూడా అదే, పైన కాగితం ఉంటుంది. గోడలకు వేసే టెక్స్చర్‌లో మామూలుగా ఉండేవి సున్నపురాయి పొడి, సన్నటి ఇసుక, అంటుకోవడానికి జిగురు. వాటిని పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ఎలాగూ మంచిది కాదు, అది వేరే సంగతి. మన దగ్గర రాతినార దాక్కుని లేదు, ఎదురుగానే ఉంది. మేడ మీద రేకులు, పాత ఆఫీసుల్లో పార్టిషన్‌కీ సీలింగ్‌కీ బిగించిన చదును రేకులు, పాత ఇళ్ళకు వర్షపు నీరు దిగడానికి పెట్టిన బూడిద రంగు సిమెంటు గొట్టాలు. ఒక రేకు బరువులో అటూ ఇటూగా పదో వంతు రాతినారే. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చేసింది. పని చోట దీన్ని పీల్చడం వల్ల ఏటా ప్రపంచంలో రెండు లక్షల మందికి పైగా చనిపోతున్నారని అదే సంస్థ అంచనా.

ఇదంతా చదివి రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు కంగారు పడొద్దు. పగలకుండా గట్టిగా ఉన్న రేకు కింద పడుకుంటే ప్రమాదం తక్కువ. కృష్ణలంకలోనో, వన్‌టౌన్ కొండ మీదో, సింగ్‌నగర్‌లోనో రేకుల ఇళ్ళల్లో ఉన్నవాళ్ళను రేపే పీకేయమనడం అన్యాయం. స్లాబ్ వేసుకునే స్తోమత ఉంటే రేకులెందుకు వేసుకుంటారు? నా బాధంతా రేకు పగిలే రోజు గురించి.

మా వీధిలో ఆ మధ్య ఒక పాత ఇల్లు పడగొట్టారు. పైన నాలుగు గదుల పొడవునా రేకులు. మేస్త్రి మనుషులు ఎక్కి, బోల్టులు ఊడదీసే ఓపిక లేక సమ్మెటలతో కొట్టారు. ముక్కలు కింద పడుతుంటే తెల్లటి దుమ్ము ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టల మీదికి చేరింది. పనివాళ్ళ ముఖాలకు తువ్వాళ్ళు ఉన్నాయి. తువ్వాలు ఆ నారను ఆపదు, అది కంటికి కనిపించనంత సన్నం. ఊపిరితిత్తిలో చేరితే తేలిగ్గా బయటికి రాదు. ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి నలభై ఏళ్ళకు జబ్బుగా బయటపడుతుంది. బీడీ కాల్చే అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ముక్కలన్నీ ఇటుక పెళ్ళలతో కలిపి ట్రాక్టరుకెత్తారు. ఎక్కడ పోస్తారని అడిగితే, "ఎక్కడో పల్లం చూసి పోస్తాం సార్" అన్నాడు డ్రైవరు. ఆ పల్లాలు ఎక్కడుంటాయో బుడమేరు గట్టు వెంట వెళ్ళేవాళ్ళకు తెలుసు. 2024 సెప్టెంబరు వరద చూశాక కూడా అక్కడ చెత్త పోయడం మనకు తప్పనిపించదు. రేకు ముక్కలు బళ్ళ చక్రాల కింద మళ్ళీ మళ్ళీ నలుగుతూనే ఉంటాయి.

చట్టం చూస్తే నవ్వొస్తుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులుండేవి. ఆరోగ్యానికి ప్రమాదమని కేంద్రం కొత్త లీజులు ఆపేసింది, 1993లో పాత లీజుల రెన్యువల్ కూడా నిలిపేసింది. కానీ రష్యా లాంటి దేశాల నుంచి దిగుమతి ఆగలేదు. మన గనిలోది ప్రమాదం, ఓడలో వచ్చింది కాదన్నమాట! 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆస్బెస్టాస్ చెత్తను విదేశాల నుంచి తెప్పించడం నిషేధం. రేకుల ఫ్యాక్టరీలో మిగిలే ఆస్బెస్టాస్ వ్యర్థం కూడా ప్రమాదకరమైన వాటి జాబితాలోనే ఉంది. అదే రేకు మా మేడ మీద నుంచి కింద పడితే మామూలు రబ్బిష్ అయిపోతోంది. ఈ పరిశ్రమలో పనిచేసేవాళ్ళ ఆరోగ్య రికార్డులు నలభై ఏళ్ళు ఉంచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పొద్దున్నే సెంటర్లో పని కోసం నిలబడే కూలీకి రికార్డు ఎవరు రాస్తారు?

అందుకని నగరపాలక సంస్థను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఇల్లు పడగొట్టి కొత్త ప్లాన్ పెట్టుకునే దరఖాస్తులో "పాత కట్టడంలో సిమెంటు రేకులు ఉన్నాయా, ఎన్ని?" అని ఒక గడి పెట్టండి. ఉన్నాయంటే వార్డు సచివాలయం నుంచి ఎవరో ఒకరు వచ్చి చూడాలి. రేకులను ముందు నీళ్ళతో బాగా తడపాలి, బోల్టులు విప్పాలి, తాడు కట్టి ముక్కలు కాకుండా దించాలి, మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టాలి. కట్టర్ మెషిన్ పెట్టకూడదు, పొడి చీపురుతో ఊడ్వకూడదు. ఇది మేస్త్రికి ఒక పూట నేర్పితే వచ్చే పని. తెలుగులో ఒక కాగితం అచ్చేసి సిమెంటు షాపుల్లో అంటించినా చాలావరకు జరుగుతుంది.

చుట్టిన రేకులు ఎక్కడికి పోవాలన్నదే అసలు చిక్కు. పారిశ్రామిక ప్రమాదకర వ్యర్థాలను పద్ధతిగా పూడ్చే కేంద్రం విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉంది. ఇళ్ళ నుంచి వచ్చే రేకులను నగరంలో ఒక చోట పోగుచేసి, అలాంటి కేంద్రానికి లారీల్లో పంపే ఏర్పాటు ఎందుకు చేయకూడదు? కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది కదా, కార్పొరేషన్ వాళ్ళూ మండలి వాళ్ళూ మాట్లాడుకోవడానికి ఎవరూ రైలెక్కక్కర్లేదు. రవాణా ఖర్చు ఇంటి యజమాని నుంచి వసూలు చేసినా నాకు అభ్యంతరం లేదు. కొత్త ఇంటికి లక్షలు పెట్టేవాడికి అదొక లెక్క కాదు. వరదకు దెబ్బతిన్న పేటల్లోనూ కొండ మీది పేద ఇళ్ళల్లోనూ మాత్రం ఉచితంగా తీసుకెళ్ళాలి.

ఇంటి యజమానులకు కూడా ఒక మాట. రేకుల మీద పాకురు పట్టిందని వైరు బ్రష్‌తో గీకించకండి, ప్రెషర్ నీళ్ళు కొట్టించకండి. సోలార్ పైపు కోసమో డిష్ కోసమో రేకుకు రంధ్రం పెట్టించేటప్పుడు పిల్లల్ని లోపలికి పంపండి, ఆ చోటు తడిపి చేయించండి. షెడ్డు కింద చల్లదనానికి సీలింగ్ చేయించేవాళ్ళు దాని కొక్కేల కోసం రేకునే డ్రిల్ చేయిస్తున్నారు. కింద దూలానికి బిగించమంటే సరిపోతుంది.

వేసవి రాగానే మా సత్యనారాయణపురంలో పాత ఇళ్ళు పడగొట్టే పనులు ఊపందుకుంటాయి. దరఖాస్తులో ఆ గడి అంతకు ముందే చేర్చమని కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ