విద్యా ఉపసంఘం వార్షిక నివేదిక: స్కూల్ డిస్ట్రిక్టు వేసవి బడికి మన తోడ్పాటు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

డల్లాస్ పరిసరాల్లోని మన తెలుగు సంఘం తరఫున విద్యా ఉపసంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో ఎక్కువ శ్రమ తీసుకున్నది ఒకటే. మన స్కూల్ డిస్ట్రిక్టు (ఈ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ప్రాథమిక తరగతుల పిల్లలకు అయిదు వారాల పాటు ఉచితంగా నడిపే వేసవి బడికి, ప్రణాళిక వేసుకునే దశ నుంచే మనం తోడుగా నిలిచాము.

అంతకు ముందు ఏడాది మేము డిస్ట్రిక్టు అధికారులను కలిసింది ఏప్రిల్ చివరలో. అప్పటికి టీచర్ల నియామకం, బస్సు రూట్లు, తరగతి గదుల కేటాయింపు అన్నీ అయిపోయాయి కనుక, కరపత్రాలు పంచడం మించి మేము చేయగలిగింది లేకపోయింది. ఆ ఆలస్యం మాదే. ఈసారి జనవరి మొదటి వారంలోనే వెళ్లి కూర్చున్నాము.

జనవరి అనడానికి ఆధారం ఉంది. వాలెస్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 2011లో మొదలుపెట్టిన వేసవి చదువుల పథకంలో బోస్టన్, పిట్స్‌బర్గ్, రోచెస్టర్, ఫ్లోరిడాలోని డువాల్ కౌంటీలతో పాటు మన డల్లాస్ కూడా ఉంది. వీటిని ఏళ్ల తరబడి పరిశీలించిన రాండ్ అనే పరిశోధన సంస్థ, జనవరికల్లా పని మొదలుపెట్టాలని, కనీసం అయిదు వారాలు, రోజుకు మూడు గంటలు చదువు సాగాలని, బస్సు, భోజనం ఉచితంగా ఉండాలని సూచించింది. మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం హాజరు గురించి చెప్పిన మాట. 2013 వేసవిలో సీటు దొరికిన పిల్లల్లో సుమారు అయిదో వంతు ఒక్క రోజు కూడా రాలేదు. 20 రోజులు, అంతకు మించి వచ్చిన పిల్లలు లెక్కల్లో ముందంజ వేశారు. బడి ఎంత బాగా నడిపినా బిడ్డ వచ్చి కూర్చోకపోతే ఫలితం ఉండదు కాబట్టి, మన సంఘం చేయగలిగిన మేలు ఇక్కడే ఉందని నిర్ణయించుకున్నాము.

మన ఇళ్లలో పిల్లలు మధ్యలో మానేయడానికి పెద్ద కారణం ఇండియా ప్రయాణం. ఫిబ్రవరిలో పేరు ఇస్తారు, జూన్ రెండో వారంలో విమానం ఎక్కుతారు, ఆ సీటు ఖాళీగా ఉండిపోతుంది, వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో బిడ్డకు ఆ సంగతే తెలియదు. అందుకని దరఖాస్తులో ప్రయాణ తేదీలు అడిగే గడి ఒకటి పెట్టమని కోరగా, డిస్ట్రిక్టు వారు ఒప్పుకున్నారు. మన కార్యకర్తలు ఫోన్ చేసినప్పుడల్లా, ‘టికెట్లు ఎప్పటికి తీసుకున్నారండీ?’ అన్నదే మొదటి ప్రశ్నగా పెట్టుకున్నారు.

రెండో కారణం చెప్పుకోవడానికి కొంత కష్టమే. వేసవి బడి అంటే ఫెయిలైన పిల్లల బడి అన్న భావన మనలో బలంగా ఉంది. మూడో తరగతి పిల్లవాడు చదవడంలో వెనకబడ్డాడని టీచరు ఉత్తరం పంపితే, దాన్ని సొరుగులో దాచేసిన తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వారితో మాట్లాడే పనిని ఇక్కడ బడుల్లో పని చేసిన మన పెద్దలకు అప్పగించాము. వారి మాట మా మాటకన్నా బాగా పని చేసింది.

బస్సు స్టాపు విషయం కూడా చెప్పాలి. ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో పిల్లలను బస్సు ఎక్కించేది ఎక్కువగా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలే. స్టాపేమో పెద్ద రోడ్డు అవతల, చెట్టు నీడైనా లేని చోట ఉంది. మొదటి రోజు ఒక అమ్మమ్మగారు ఒక చేత్తో మనవరాలి చెయ్యి, రెండో చేత్తో స్టీలు చెంబు పట్టుకుని, ఆగకుండా పోతున్న కార్ల వైపు చూస్తూ నిలబడిపోయారు. ఆ ఫోటో తీసి పంపిన నాలుగో రోజుకు స్టాపు గేటు లోపలికి, పోస్టు డబ్బాల పక్కకు మారింది. అక్కడ ఎక్కే పిల్లల్లో స్పానిష్, నేపాలీ మాట్లాడే ఇళ్లవారూ ఉన్నారు.

మన పిల్లలకు మనమే శిబిరం పెట్టుకోవచ్చు కదా అని కొందరు సభ్యులు అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ శిక్షణ పొందిన టీచర్లు, బస్సులు, భోజనం డిస్ట్రిక్టుకే ఉన్నాయి, అవి అందరి పిల్లలకూ అందుతాయి. పైగా కోవిడ్ తర్వాత 2021లో వచ్చిన ఫెడరల్ సహాయ నిధులను కేటాయించుకునే గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇప్పుడు ఖాళీ సీట్లు కనబడితే, కోత ముందుగా వేసవి బడి మీదే పడుతుందని మా భయం.

ముద్రణ, అనువాదాల ఖర్చు కోశాధికారి నివేదికలో చేర్చాము. వచ్చే వేసవికి తొలి సమావేశం అక్టోబరులో జరుగుతుంది. స్పానిష్ లేదా నేపాలీ వచ్చినవారు, వారానికి రెండు సాయంత్రాలు ఫోన్లు చేయగలవారు సర్వసభ్య సమావేశం ముగిసేలోగా మా వద్ద పేరు నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాము.

కార్యదర్శి, విద్యా ఉపసంఘం