కాలనీ సంక్షేమ సంఘం మహిళా విభాగం: 2025-26 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మహిళా విభాగం చేపట్టిన కార్యక్రమాల నివేదికను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. కుట్టు శిక్షణ తరగతులు, బతుకమ్మ ఏర్పాట్లు, వేసవి సెలవుల్లో పిల్లల పఠన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి సమర్పించే పత్రంలో ఉన్నాయి. నిరుటి సమావేశంలో సభ్యులు చేసిన తీర్మానం మేరకు ఈ ఏడాది మన సమయంలో అధిక భాగాన్ని గృహహింస నివారణకు కేటాయించాం. అందువల్ల ఈ నివేదికలో ఆ పని గురించే వివరంగా రాస్తున్నాం. మన దగ్గరికి వచ్చిన మహిళల వివరాలు గానీ, వారిని గుర్తుపట్టే వీలున్న సంగతులు గానీ ఇందులో ఎక్కడా ఉండవు.

ఈ పనికి పూనుకున్న కారణం

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహమైన 18-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, దేశ సగటు 29 శాతం. అదే సర్వేలో మరొక అంకె మమ్మల్ని ఇంకా ఎక్కువగా కలచివేసింది. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి కారణాల్లో ఏదో ఒకదానికి భర్త భార్యను కొట్టడం న్యాయమేనని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 80 శాతానికి పైగా మహిళలు చెప్పారు. హిమాచల్ ప్రదేశ్‌లో అలా చెప్పిన మహిళలు 15 శాతంలోపే. దీన్ని చూసి మన ఆడవాళ్లు దెబ్బలు కోరుకుంటున్నారని ఎవరైనా అంటే అది అన్యాయం. చిన్ననాటి నుంచి తల్లి, మేనత్త, వదిన, ఇరుగుపొరుగు తనకు ఏం చెబుతూ వచ్చారో అదే ఆమె సర్వే చేసేవారికీ చెప్పింది.

దేశం మొత్తం మీద హింసకు గురైన మహిళల్లో సహాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సహాయం కోరనూ లేదు, ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోనూ లేదు. నోరు విప్పిన ఆ కొద్దిమందిలోనూ ఎక్కువ మంది వెళ్లింది పుట్టింటికి గానీ పోలీసు స్టేషన్‌కు కాదు. కాబట్టి చట్టం ఎంత బలంగా ఉన్నా, అది ఆమె దాకా చేరడం ఆమె మొదట చెప్పుకున్న మనిషి ఇచ్చే జవాబు మీద ఆధారపడి ఉంది. గృహహింస తగ్గాలంటే ముందుగా మారవలసింది ఆ జవాబేనని ఈ విభాగం అభిప్రాయం. ఈ ఏడాది మన పని అంతా ఆ దిశగానే సాగింది.

పెద్దమనుషుల పంచాయితీల గురించి

భార్యాభర్తల తగాదాను నలుగురు పెద్దమనుషుల ముందు పెట్టి పరిష్కరించుకోవడం మన ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. డబ్బు విషయంలోనో, వేరు కాపురం విషయంలోనో మాట తేడా వచ్చినప్పుడు అలాంటి సంప్రదింపుల వల్ల మేలు జరిగిన సందర్భాలు ఉన్నాయి, వాటిని మేము కాదనడం లేదు. అయితే కొట్టిన మనిషిని, దెబ్బలు తిన్న మనిషిని ఎదురెదురుగా కూర్చోబెట్టి 'ఇద్దరూ చెరో మెట్టు దిగండి' అనడం తగవు తీర్చడం కాదు. అక్కడ ఆమె నిజం చెబితే ఆ రాత్రికి అదే ఇంటికి తిరిగి వెళ్లాలి, చెప్పకపోతే తప్పు ఆమెదే అవుతుంది. ఇకపై చేయి చేసుకోనని కాగితం మీద సంతకం పెట్టించి పంపిస్తే ఆ కాగితానికి న్యాయస్థానపు ఉత్తర్వుకు ఉన్న బలం ఉండదు. కట్నం కోసం వేధింపు మొదలైన చోట ఇటువంటి రాజీలు మరీ ప్రమాదకరం. అడిగినదానిలో కొంత ఇచ్చి పంపితే మిగిలినదాని కోసం మళ్లీ అడుగుతారు.

అందుకే హింస జరిగిన ఏ సందర్భంలోనూ మన సంఘ కార్యాలయంలో రాజీ పంచాయితీ జరగకూడదని కార్యవర్గం ఈ ఏడాది నిర్ణయించింది. వచ్చిన మహిళతో విభాగం సభ్యులు ఒంటరిగా, భర్త తరఫు వారెవరూ లేకుండా మాట్లాడతారు. ఆమె ఏం కోరుకుంటున్నదో అడిగి, ఆమె అంగీకారంతోనే తర్వాతి అడుగు వేస్తారు. విడిపోవాలని గానీ, కలిసి ఉండాలని గానీ మనం చెప్పము. ఈ నిర్ణయాన్ని కొందరు పెద్దలు మొదట్లో ఒప్పుకోలేదు. కాపురాలు కూలిపోతాయని ఆందోళన చెందారు. వారితో పలుమార్లు కూర్చుని మాట్లాడాము. వారిలో కొందరే ఇప్పుడు తమ దగ్గరికి వచ్చినవారిని నేరుగా మన దగ్గరికి పంపిస్తున్నారని సంతోషంగా తెలియజేస్తున్నాం.

చట్టాన్ని ఇంటింటికీ చెప్పడం

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అది వచ్చి ఇరవై ఏళ్లు అవుతున్నా, పోలీసు కేసు పెట్టి భర్తను జైలుకు పంపడం ఒక్కటే దారి అని మన వీధుల్లో చాలామంది అనుకుంటున్నారు. భర్త గానీ అతని బంధువులు గానీ చేసే క్రూరత్వాన్ని నేరంగా చూసే పాత భారత శిక్షాస్మృతిలోని 498ఎ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. అది ఒక మార్గం. 2005 చట్టం ఉద్దేశం వేరు. కొట్టడం, లైంగిక హింస మాత్రమే గాక, తిట్లు, అవమానాలు, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం కూడా హింసేనని అది చెబుతుంది. హింసను ఆపమనే రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, భరణం, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం ఒకే దరఖాస్తుతో మేజిస్ట్రేటును అడగవచ్చు. దరఖాస్తు అందాక సాధారణంగా మూడు రోజుల్లోపు తొలి విచారణ జరగాలి. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంటి నుంచి గెంటేస్తారనే భయమే చాలామంది నోరు నొక్కుతున్నది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని చట్టం చెబుతుంది. అది అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా సరే ఆ హక్కు వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. హింస జరుగుతున్నదని నమ్మే పొరుగువారెవరైనా, బాధిత మహిళలకు సహాయపడేందుకు ఈ చట్టం కింద నియమించే రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారిపై ఎలాంటి కేసూ ఉండదు. 'మనకెందుకు, వాళ్ల ఇంటి విషయం' అనేవారికి ఈ ఒక్క మాట తెలియజేయడానికి విభాగం సభ్యులు ప్రతి వీధిలోనూ గుమ్మం గుమ్మానికీ తిరిగారు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర సహాయానికి 112 నంబర్లు రాసిన కాగితాలను కిరాణా దుకాణాల్లోనూ, అంగన్‌వాడీ కేంద్రంలోనూ, ఆర్టీసీ బస్ షెల్టరులోనూ అంటించాము. ఆదాయం ఎంతయినా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందన్న సంగతి ఉద్యోగాలు చేసే మన సభ్యురాళ్లలోనే చాలామందికి తెలియదు.

రక్షణాధికారి అనే పదవి చట్టంలో ఉన్నా, చాలా చోట్ల ఇతర పనులతో తలమునకలైన అధికారులకు అదనపు బాధ్యతగా అప్పగించారు. జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణాధికారులను గుర్తించి నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించింది. మన మండలానికి ఆ అధికారి ఎవరో, ఎక్కడ, ఏ వేళల్లో అందుబాటులో ఉంటారో బోర్డు పెట్టాలని కోరుతూ జిల్లా యంత్రాంగానికి వినతిపత్రం ఇచ్చాము.

ఆరో రోజు ఎక్కడికి?

సఖి కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, పోలీసు సహాయం ఒకే చోట దొరుకుతాయి. అక్కడ బస మాత్రం నియమాల ప్రకారం అయిదు రోజుల వరకే. తర్వాత కష్టాల్లో ఉన్న మహిళల కోసం ఉన్న ప్రభుత్వ పథకపు వసతి గృహమైన శక్తి సదన్‌లో చోటు దొరకాలి, లేదా పుట్టిల్లు తలుపు తీయాలి. అక్కడే చాలా మంది వెనక్కి తిరిగిపోతున్నారు. కూతురు తిరిగి వస్తే చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని, కొడుకు, కోడలు ఏమంటారోనని తల్లిదండ్రులు పడే బెంగ మాకు తెలియనిది కాదు. అయినా తలుపు మూసుకుపోయిందని తెలిసిన మరుక్షణం కొట్టేవాడికి భయం పోతుంది.

ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద భూమి గానీ ఇంటి స్థలం గానీ ఇవ్వడం మన కుటుంబాల్లో మర్యాదగా వస్తున్నదే. దాన్ని ఆమె పేరున రిజిస్టరు చేయించి, కాగితాలు ఆమె చేతికే ఇవ్వాలని తల్లిదండ్రులను కోరుతున్నాం. తిరువనంతపురం జిల్లాలో జరిగి 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఏ ఆస్తీ లేని మహిళల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పగా, ఇల్లు, భూమి రెండూ ఉన్నవారిలో అది 7 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే హిందూ వారసత్వ చట్ట సవరణతో ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా వచ్చింది, దేశమంతటికీ 2005లో వర్తించింది. ఆ వాటాను పెళ్లి సమయంలో వదులుకున్నట్లు సంతకాలు తీసుకోవడం మన కాలనీలో మానివేయాలి.

మద్యం, మగపిల్లలు

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాలు నేర్చుకుంటున్న మహిళలు సారా దుకాణం మీదకు కదిలారు. తాగి వచ్చిన భర్త కొడుతున్నాడన్న బాధ ఆ ఉద్యమానికి ఒక ప్రధాన కారణం. తరచూ తాగి వచ్చే భర్తలున్న మహిళల్లో 70 శాతం మంది హింస అనుభవించారని అదే జాతీయ సర్వే చెబుతుంది. కానీ తాగని భర్తలున్నవారిలోనూ 23 శాతం మంది అనుభవించారు. అందుచేత 'తాగి ఉన్నాడు, పాపం తెలియక చేశాడు' అనే మాటను మన విభాగం ఒప్పుకోదు. అలా తాగి కొట్టిన మనిషే తన యజమాని ముందు, పోలీసు ముందు చేయి ఎత్తడు.

పదో తరగతి, ఇంటర్ చదివే మగపిల్లలతో నడిపిన చర్చా సమావేశాలకు మొదట వచ్చింది కొద్దిమందే. వారి తండ్రులు కూడా వచ్చి కూర్చున్న రోజున పిల్లలు మనసు విప్పి మాట్లాడడం గమనించి, వచ్చే ఏడాది వీటిని తండ్రీకొడుకుల సమావేశాలుగానే నిర్వహించాలని భావిస్తున్నాం. అత్తగార్లతోనూ విడిగా మాట్లాడవలసిన అవసరం ఉంది. కోడలిని కొడుతున్నప్పుడు కొడుకు చేయి పట్టుకుని ఆపగలిగేది చాలా ఇళ్లలో అత్తగారు ఒక్కరే.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు

హింస జరిగిన ఇంటి విషయంలో సంఘం రాజీ కుదర్చకూడదన్న కార్యవర్గ నిర్ణయాన్ని నియమావళిలో చేర్చడానికి సభ్యుల ఆమోదం కోరుతున్నాం. ఇంటి నుంచి ఉన్నపళంగా బయటపడవలసి వచ్చిన మహిళకు బస్సు ఖర్చులు, మందులు, పిల్లల పాలు వంటి అవసరాల కోసం ఒక చిన్న అత్యవసర నిధిని ఏర్పాటు చేయాలని, దాని లెక్కలు పేర్లు లేకుండా రాయాలని ప్రతిపాదిస్తున్నాం. రాత్రి వేళ ఫోను వస్తే వెళ్లగలిగే సభ్యులు ప్రతి వీధి నుంచి కనీసం ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. సుముఖంగా ఉన్నవారు ఈ సమావేశం ముగిసేలోగా విభాగం కార్యదర్శి వద్ద తమ పేరు నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాం.

మహిళా విభాగం కార్యవర్గం