తెలుగు టైపింగ్ కష్టం కాదు, అమరిక కుదరలేదంతే

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాట తెలుగే గానీ అక్షరం తెలుగు కాదు. "రేపు వస్తున్నాం" అని చెప్పడానికి కూడా ఇంగ్లీషు అక్షరాలే. అడిగితే తెలుగు టైపింగ్ కష్టమంటారు. ఫోను పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే వాడుకోవడం వల్ల వచ్చిన కష్టం ఇది. ఎవరి చేతివాటానికి తగ్గట్టు వాళ్ళు ఒక్కసారి అమర్చుకుంటే తీరిపోతుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) ఉంటే, కీబోర్డు పైవరసలోని సెట్టింగ్స్ గుర్తు నొక్కి లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, తెలుగు అని వెళ్ళాలి. చాలామంది ఇక్కడే వెనక్కి వస్తారు. మొదట కనిపించే అక్షరాల వరస చూసి బెదిరిపోతారు. ఆ బొమ్మను పక్కకు జరిపితే వేరే అమరికలు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మారేది ఒకటి, వేలితో తెరమీద రాసేది ఒకటి. కూతురికి మొదటిది, నాయనమ్మకు రెండోది నప్పుతుంది. స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే భాష మారుతుంది. తప్పు మాట ఒకటి నేర్చుకుని అదేపనిగా చూపిస్తుంటే ఆ మాటను నొక్కి పట్టి చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగేయాలి.

కంప్యూటర్‌లో రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్ళకు ఇన్‌స్క్రిప్ట్ మేలని నా గట్టి నమ్మకం. భారతీయ భాషల అక్షరాలను ఒకే పద్ధతిలో కీల మీద పేర్చిన అమరిక అది. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, యాడ్ ఎ లాంగ్వేజ్, తెలుగు. చేర్చేటప్పుడు డిస్‌ప్లే లాంగ్వేజ్‌గా పెట్టమనే గడిలో టిక్కు ఉంటే తీసేయండి. లేకపోతే మెనూలన్నీ మారిపోయి, ఇంట్లోవాళ్ళు కంగారుపడి మొత్తం తెలుగునే తొలగిస్తారు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. ఎల్ మీద త, ఎన్ మీద ల, ఐ మీద గ, డి మీద పొల్లు. 'తెలుగు' రాయాలంటే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి: ఆరే నొక్కులు. నేర్చుకునే రోజుల్లో విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే కీబోర్డు బొమ్మ తెరమీదికి వస్తుంది. భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్.

ఆఫీసు మెయిల్ ఇంగ్లీషులో, ఇంటి కబుర్లు తెలుగులో రాసేవాళ్ళకు ఇంకో సదుపాయం ఉంది. విండోస్ సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్‌లో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో విండోకు ఒక్కో కీబోర్డు ఉండేలా టిక్కు పెట్టుకోవచ్చు. ఆపైన మాటిమాటికీ మార్చే పని ఉండదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా తప్పంటోందంటే ముందు తెర మూలనున్న భాష గుర్తు చూడండి.

బెంగళూరుకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. తరాలుగా ఇక్కడే ఉన్న ఎన్నో కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడతాయి, బడిలో కన్నడం చదివాయి. వాళ్ళకు తెలుగు లిపి కొత్త. ఇన్‌స్క్రిప్ట్ వాళ్ళకు వరం. కన్నడంలో క ఏ కీ మీద ఉందో తెలుగులోనూ అక్కడే. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో తెచ్చిన ఐఎస్ 13194 ప్రమాణం బ్రాహ్మి నుంచి వచ్చిన మన లిపులకు ఒకే వరస పెట్టింది. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ కూడా ఆ బాటలోనే నడిచి, తెలుగు క తర్వాత సరిగ్గా 128 స్థానాల అవతల కన్నడ క పెట్టింది. ఈ అమరికలో కన్నడం కొట్టే వేళ్ళు తెలుగూ కొడతాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కు ఒక్కో భాష కూడా పెట్టుకోవచ్చు (సిస్టమ్, లాంగ్వేజెస్, యాప్ లాంగ్వేజెస్). అయితే ఆ యాప్‌లో ఆ భాష ఉండాలి.

ఇక కంటి సంగతి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు మనకు చాలదు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వస్తుంది, చిన్న సైజులో అవి ముద్దగా కలిసిపోతాయి. కంప్యూటర్‌లోని క్రోమ్‌లో అప్పియరెన్స్, కస్టమైజ్ ఫాంట్స్ దగ్గర మామూలుగా 16 ఉండే సైజును 20 చేయండి. వర్డ్‌లో ఒత్తుల అడుగులు తెగిపోతుంటే లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' అని ఉందేమో చూసి 'మల్టిపుల్'కు మార్చండి.

'సాఫ్ట్‌వేర్' అని రాయబోతే 'సాఫ్ట్వేర్' అని అతుక్కుపోవడం మరో చిరాకు. పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు ఒకటి పడాలి. వర్డ్‌లో ఇంగ్లీషు కీబోర్డుకు మారి 200సి అని ఇంగ్లీషులో కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది పడుతుంది. తెలుగు సరిగా రాయడానికి ఇది తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళే దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. 'జ్ఞా'లో ఈ గుర్తు చేరిన ఒక కూర్పు కనిపించగానే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయాయి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇన్‌స్క్రిప్ట్ కీల పటాన్ని, ఒక్కో కీ మీద తెలుగు అక్షరం పక్కనే కన్నడ అక్షరం ఉండేలా, బెంగళూరు పేజీలో ఒక్కసారి అరపేజీ సైజులో అచ్చు వేయండి. కత్తిరించి మానిటర్ పక్కన అంటించుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్లేశ్వరం, బెంగళూరు