జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా పెద్దాడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు. చెవిలో గొంతులు తగ్గాయంటే ఓలాంజాపిన్ మాత్ర పుణ్యమే, కాదనను. కానీ ఒళ్లు వచ్చేసింది, షుగరూ వచ్చింది. అంతకుముందు వాడిన హాలోపెరిడాల్ మాత్రతో కాలు నిలిచేది కాదు. రెండు ముద్దలు తిని లేచి, ఎంగిలి చేత్తోనే వరండాలో తిరిగేవాడు. మాత్ర వద్దంటే మీ సిబ్బంది మొండితనం అంటారు. ఆ బాధ పడేది వాడు కదండీ!

మందు ఇచ్చేచోటే బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూడమనండి. ఇప్పుడు క్లోజాపిన్ అనే మందు వేద్దామంటున్నారు. దానికి మొదటి 18 వారాలు వారం వారం తెల్లరక్తకణాల పరీక్ష తప్పదు. కూలికి పోయేవాళ్లం, ప్రతిసారీ పట్నం పోగలమా? ఆ పరీక్ష మా ఏరియా ఆసుపత్రిలోనే పెట్టించండి. ఎప్పటినుంచి పెట్టిస్తారో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి