నానో మందుల పరిశోధనకు కొలబద్ద మార్చాలి

సంపాదకుడు గారికి,

ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల జాబితా వెలువడిన ప్రతిసారీ మన విశ్వవిద్యాలయాల ఆచార్యుల ఫొటోలు పత్రికల్లో వస్తున్నాయి. నానో కణాలతో మందును కావలసిన చోటికి చేర్చే పరిశోధన చేస్తున్న ఫార్మసీ ఆచార్యులూ వారిలో ఉంటున్నారు. సంతోషించదగ్గ విషయమే. అయితే ఆ జాబితాకు ఆధారం వారి పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క. వారు తయారుచేసిన కణం రోగి దాకా చేరిందా అన్నది అందులో తేలదు. పదోన్నతులకూ ప్రాజెక్టుల మంజూరుకూ అదే లెక్క చూస్తే ప్రజల డబ్బుకు న్యాయం జరగదు.

2021 మేలో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు లైపోసోమల్ (నానో సైజు కొవ్వు బుడగలో మందును పొదిగిన) ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ కోసం రోగుల బంధువులు ఎంత తిరిగారో అందరికీ తెలుసు. 60 కిలోల మనిషికి కిలోకు 5 మి.గ్రా. చొప్పున రోజుకు 300 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. వయల్స్ ఆరు కావాలి. అదీ వారాల తరబడి. మామూలు ఆంఫోటెరిసిన్ చవకే కానీ కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఫంగస్ పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకునే ఈ మందు మన శరీర కణాల్లోని కొలెస్టరాల్‌నూ కొంత పట్టుకోవడమే కారణం. 100 నానోమీటర్ల లోపు కొవ్వు బుడగలో పొదిగితే ఆ నష్టం బాగా తగ్గుతుంది.

ఆ బుడగ తయారీ చిన్న పని కాదు. అసలు బ్రాండ్ వయల్‌లో 50 మి.గ్రా. మందుకు 213 మి.గ్రా. హైడ్రోజనేటెడ్ సోయా ఫాస్ఫాటిడైల్‌కోలిన్, 52 మి.గ్రా. కొలెస్టరాల్, 84 మి.గ్రా. డీఎస్‌పీజీ అనే మూడు కొవ్వు పదార్థాలు ఉంటాయి. మందుకు ఏడు రెట్లు కొవ్వే! పైగా 900 మి.గ్రా. సుక్రోజ్ (చక్కెర). అప్పట్లో కేంద్రం హైదరాబాద్‌లోని నాట్కో సహా మరో ఐదు కంపెనీలకు అనుమతి ఇచ్చినా మర్నాటికే వయల్స్ రాలేదు. ఇంజెక్షన్‌కు పనికొచ్చే లిపిడ్లకే (కొవ్వు పదార్థాలకే) కొరత. బుడగలను వేడితో స్టెరిలైజ్ చేస్తే చెడిపోతాయి కనుక 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపాలి. ఫ్రీజ్ డ్రైయింగ్‌కు (గడ్డకట్టించి ఆరబెట్టడానికి) రోజులు పడతాయి. సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షకే 14 రోజులు ఆగాలి.

ఈ అడ్డంకులను దాటించే పనికి ఉటంకింపులు పెద్దగా రావు. పత్రాల్లో ఘనంగా కనిపించేది ‘ఎన్‌ట్రాప్‌మెంట్ 90 శాతం’, అంటే వేసిన మందులో 90 శాతం కణంలో చిక్కిందని. కణాన్ని తయారుచేసే పదార్థమైన పాలిమర్ 100 మి.గ్రా.కు 2 మి.గ్రా. మందు వేసి 90 శాతం పట్టిందంటే లోపల ఉన్నది 1.8 మి.గ్రా. మాత్రమే. ఆ లెక్కన 100 మి.గ్రా. మోతాదు ఇవ్వాలంటే దాదాపు ఐదున్నర గ్రాముల పాలిమర్ నరంలోకి ఎక్కించాలి. ఎవరికి ఎక్కిస్తాం? ద్రావకాన్ని (సాల్వెంట్) ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్ ఫ్లాస్కులో 20 మి.లీ. చేసినప్పుడు వచ్చిన సైజు 5 లీటర్లకు వెళ్లేసరికి రాదు. కలిపే వేగం, సాల్వెంట్ ఆవిరయ్యే తీరు, వేడి అందే తీరు అన్నీ మారిపోతాయి. కణితుల విషయంలోనైతే, పదేళ్ల ప్రచురణలను పరిశీలించిన 2016 నాటి సమీక్షలో ఇంజెక్ట్ చేసిన నానో కణాల మోతాదులో కణితికి చేరినది మధ్యస్థంగా 0.7 శాతమేనని తేలింది.

వార్డులోనూ పరిశోధకుడి పనితనం బయటపడుతుంది. పైన చెప్పిన వయల్‌లో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి వెంటనే 30 సెకన్లు గట్టిగా ఊపాలి, 5 మైక్రాన్ ఫిల్టర్‌తో తీసి 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. సెలైన్ తగిలితే మందు విరిగి అవక్షేపమవుతుంది. అంతకుముందు సెలైన్ ఎక్కిన లైన్ అయితే డెక్స్‌ట్రోజ్‌తో కడగాలి. పేరు ఒకటేనని లైపోసోమల్ మోతాదులో మామూలు ఆంఫోటెరిసిన్ ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ జాగ్రత్తల్లో ఒక్కటి తగ్గించే ఫార్ములేషన్ చేసినా అది గొప్ప ప్రభావమే.

మన దేశంలో అలాంటి పని జరిగింది కూడా. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బిమల్ కుమార్ బచావత్ బృందం లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌పై పనిచేసింది, ముంబై కేఈఎం ఆసుపత్రి వైద్యులు దాన్ని రోగుల్లో పరీక్షించారు. దాని నుంచే దేశీయ ఉత్పత్తి వచ్చింది. శాస్త్రవేత్త ప్రభావానికి నాకు తెలిసిన సరైన నమూనా ఇది.

నానో మందుల మదింపుకు కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి స్ఫూర్తితో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో వరుసగా మూడు బ్యాచ్‌ల కణాల సైజు, పీడీఐ (ఆ సైజుల్లో తేడా ఎంతో చెప్పే సంఖ్య), మందు శాతం, మిగిలిన సాల్వెంట్, ఆరు నెలల నిల్వ ఫలితాలు తప్పనిసరి చేయాలి. పదోన్నతుల్లో లిపిడ్ తయారీకి, కంపెనీకి బదిలీ అయిన పద్ధతికి పత్రాలతో సమానంగా మార్కులివ్వాలి. విశ్వవిద్యాలయాల బ్యాచ్‌లను 5 లీటర్ల స్థాయిలో చేసి చూసేందుకు జీనోమ్ వ్యాలీలో కణాలను చిన్నవి చేసే హైప్రెషర్ హోమోజినైజర్, ఎక్స్‌ట్రూడర్, ఫ్రీజ్ డ్రైయింగ్ చేసే లయోఫిలైజర్ ఉన్న ఉమ్మడి పైలట్ ప్లాంట్‌ను రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పాలి. మీ విలేకరులు కూడా ఇకపై ఇలాంటి గుర్తింపుల వార్త రాసేటప్పుడు ఆ కణాన్ని ఎన్ని లీటర్ల బ్యాచ్‌లో చేశారో, ఎన్ని నెలలు నిలిచిందో అడిగి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మాస్యూటిక్స్ అధ్యాపకుడు,
హైదరాబాద్